అంకెలు అలిగితే

కీబోర్డు కుడివైపు అంకెలు వున్నట్టుండి పలకడం మానేస్తాయి. కొత్తది కొనాల్సిందేనని యింటిల్లిపాదీ తీర్మానిస్తారు. తొందరపడకండి. పై వరుస అంకెలు పడుతున్నవా? అయితే కుడివైపువి చచ్చిపోలేదు. వేరే వుద్యోగం చేస్తూ వుండవచ్చు.

1981లో వచ్చిన ఐ.బి.యం. పీసీ కీబోర్డుకు మీటలు 83. బాణాలకు విడిగా చోటివ్వక, అంకెల మీటలకే ఆ పనీ అప్పగించారు. యెప్పుడేది చేయాలో చెప్పేది ‘నమ్‌లాక్’. తర్వాత బాణాలు వేరు కాపురం పెట్టినా, పాత యేర్పాటు పోలేదు.

ప్రమాదమల్లా తెర చూడకుండా కొట్టేవారికి. నమ్‌లాక్ ఆరివుండగా మార్కుల పట్టీలో 8.5 కొట్టారనుకోండి. 8 పై గడికి యెక్కుతుంది. చుక్క అక్కడున్న మార్కుల్ని తుడిచేస్తుంది. 5 చేతులు కట్టుకు కూర్చుంటుంది. పాపం, పై పిల్లవాడి మార్కులు గల్లంతు! వెంటనే గమనిస్తే, కంట్రోలు, జెడ్ కలిపి నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ముందు నమ్‌లాక్ ఒకసారి నొక్కండి. అప్పటికీ అంకెలు పడక, తెరమీది మౌసు గుర్తు కదులుతూంటే, విండోస్ సెట్టింగులలో ‘మౌస్ కీస్’ తీసివేయండి. యివేవీ ఫలించక, మరో కంప్యూటరుకు తగిలించినా మూగనోమే అయితే, అప్పుడు విప్పండి డబ్బుసంచి!