చచ్చిపోయినవాటిని పిల్లలకి చూపించొచ్చా?

నెహ్రూ జూ పార్కుకి వెళ్ళొచ్చిన ఇల్లాళ్ళని ఏం చూశారని అడగండి. సఫారీ, టాయ్ ట్రైన్, ఏనుగులు, చెట్టుకింద కూర్చుని తిన్న పులిహోర... అన్నీ చెప్తారు. అక్కడే ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. పాతబస్తీలో చార్మినార్, సాలార్‌జంగ్ గడియారం చూసుకుని మీరాలం చెరువు వైపు వచ్చేసరికి కాళ్ళు పీకేస్తాయి, నిజమే. కానీ అసలు కారణం, చచ్చిన జంతువుల్ని పిల్లలకి చూపించడం మనకి ఇష్టం ఉండదు.

మా అత్తయ్యగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "పిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా, రాత్రి కలవరిస్తుంది" అన్నారు. మామయ్యగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. తాతయ్య చుక్కైపోయారని మా ఏడేళ్ళ పాపకి ఇంట్లో చెప్పారు. నాకు ఆ మాట మొదటినుంచీ నచ్చలేదు.

లోపల పాప ఏడవలేదు. ఒక పక్షి ముందు నిలబడిపోయింది. చెట్టు మీదదైతే రెండు క్షణాలు కనబడి ఎగిరిపోతుంది, ఇక్కడ ఈకల వరసలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"ఇది ఎగరదా?"

"ఎగరదమ్మా, చచ్చిపోయింది. చర్మం, ఈకలే దీనివి. లోపల వేరేది కూరారు. కళ్ళు గాజువి."

కాసేపాగి, "మరి తాతయ్యని ఎందుకు ఇలా ఉంచుకోలేదు?" అంది.

మనుషుల్ని అలా ఉంచరని, తాతయ్య చనిపోయారని, ఇంక రారని చెప్పాను. అత్తయ్యగారు వెనకాలే ఉన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ నన్ను ఆపలేదు. పాప వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరు పోయినా పిల్లలం అక్కడే ఉండేవాళ్ళం. ఇప్పుడు పక్క ఫ్లాట్‌లో కార్టూన్ పెట్టి కూర్చోబెడుతున్నాం. ఆ పిల్లకి తాతయ్య మీద బెంగ ఎవరితో చెప్పుకోవాలి?

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, వీటిని ఎవరు చంపారని. అన్నీ వేటాడినవి కానక్కర్లేదు. అయితే ఒకప్పుడు రాజులూ దొరలూ వేటాడిన పులుల్ని మైసూరులో వాన్ ఇంగెన్ వాళ్ళకి పంపేవాళ్ళు. అక్కడ పులులు, చిరుతలు కలిపి 43,000కు పైగా తయారయ్యాయట! 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక ఆ వేట నేరమైంది. అదీ చెప్పండి, పిల్లలకి అర్థమవుతుంది.

జూకి సోమవారం సెలవు. పొద్దున్నే వెళ్ళి, రైలెక్కకముందే మ్యూజియం చూడండి. అలిసిపోయాక పిల్లలు ఏమీ అడగరు.