బాకీకి దానమని పేరు పెట్టొద్దు

క్యాసంబళ్ళి గురించి బయటివాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి. మైసూరు రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి కె.సి.రెడ్డి పేరులోని ‘కె’ అంటే క్యాసంబళ్ళే. ఇది చెయ్యి చాచి బతికిన ఊరు కాదు. అయినా ఈరోజు మన వైపు ఊళ్ళకు వచ్చే దాతలు మనల్ని చెయ్యి చాచినవాళ్ళుగానే ఫోటో తీసుకుపోతున్నారు.

అందరం చూస్తున్నదే. కారు వస్తుంది, ఫ్లెక్సీ కడతారు, పిల్లల్ని ఎండలో నిలబెట్టి బ్యాగులు పంచుతారు. నీళ్ళ ప్లాంటుకు రిబ్బను కత్తిరిస్తారు. కొన్నాళ్ళకు మోటారు కాలిపోతే బాగు చేయించే దిక్కుండదు. రిపేరు ఖర్చు ఫోటోలో పడదు కదా! కుడిచెయ్యి, ఎడమచెయ్యి గురించి ప్రభువు చెప్పిన మాట మనకు కంఠతా వచ్చు. కానీ ఇప్పుడు రెండు చేతులతో పాటు సెల్‌ఫోను కూడా సాక్ష్యానికి వస్తోంది.

ఇచ్చేవాళ్ళంతా చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం ఎప్పటికీ మంచి పనే. మా గొడవల్లా ఒక్కటే. మనకు రావలసిన బాకీని దానం అని ఎందుకు పిలుస్తున్నారు?

చట్టాల సంగతి చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చోటికీ దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలి. ఇది 2014 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మన బంగారు గనులు అంతకు పదమూడేళ్ళ ముందే, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చట్టం వచ్చేసరికి లాభం చూపే గని లేదు. మారికుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసేవాళ్ళ చెమటతో వచ్చే లాభానికి ‘చుట్టుపక్కల’ అంటే బెంగళూరే. కూలివాడు రాత్రి వచ్చి పడుకునే ఊరు లెక్కలోకి రాదు.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. కార్యాలయ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పట్నంలోని పెద్ద సంస్థ ద్వారా నాలుగు రూపాయలు అందుకుని పల్లెల్లో తిరిగే చిన్న సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. పెద్దవి ఇంకా పెద్దవవుతున్నాయి. ఇల్లిల్లూ తిరిగే మనిషికి జీతం లేదు.

ఇప్పుడు జక్కయ్యను గుర్తు చేసుకుందాం. మేడిచెట్టు దిగిన జక్కయ్య రెండు లెక్కలు చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. అది దానం. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అది బాకీ. రెండింటినీ కలిపి ఒకే చిట్టాలో రాయలేదు. మన కాలపు దాతలు మొదటి లెక్క మాత్రమే చెప్తున్నారు, అది కూడా సగం కాదు, గోరంత.

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటి నుంచి గనులు మూసేదాకా ఈ నేల 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చింది. మనకు మిగిలింది సయనైడు దిబ్బలు, గాలి వీస్తే లేచే దుమ్ము, గనిలో దిగిన పెద్దల ఊపిరితిత్తుల జబ్బు. దీనికి స్కూలు బ్యాగులు జవాబు కావు.

ఆ దిబ్బల్లో ఇంకా బంగారం ఉంది. 13 దిబ్బలను వేలం వెయ్యాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే రెండోసారి మన మట్టి అమ్ముడుపోబోతోంది. ఈసారైనా మన వాటా అడుగుదామా?

అడగడానికి దారి ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల ప్రభావం పడిన జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టాలన్నారు. గనుల లీజుదారులు దానికి డబ్బు కట్టాలి. ఆ డబ్బు తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం వంటివాటికి, ప్రభావితమైన జనం కోసం ఖర్చు కావాలి. ఆ ట్రస్టు లాభాపేక్ష లేని సంస్థ అని చట్టమే చెప్తోంది. అక్కడ దండలు వేయించుకునే దాత ఉండడు. అందుకేనేమో, మన చర్చిల్లో దాని పేరు ఎవరి నోటా వినబడదు.

తప్పు మనలోనూ ఉంది. కానుకల వేళ విధవరాలి రెండు కాసుల కథ చదువుతాం. దానికి కొంచెం ముందే, విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళను ప్రభువు గద్దించిన మాటను దాటేస్తాం. మన పిల్లల ఫోటోలు పంపి విరాళాలు తెచ్చుకున్న సంఘాలు మనలోనే ఉన్నాయి. ముందు ఆ పని మానుకుందాం.

యువతీ యువకులారా, ఈసారి ఎవరైనా ఫ్లెక్సీతో వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మూడు మాటలు అడగండి. ఇది కావాలని మమ్మల్ని అడిగారా? చెడిపోతే బాగు చేసేది ఎవరు? ఖర్చు లెక్క గ్రామసభలో చదువుతారా? తర్వాత జిల్లా కేంద్రానికి వెళ్ళి ఖనిజ ఫౌండేషన్ లెక్కలు అడగండి. వాటిని వెబ్‌సైటులో పెట్టాలని నిబంధనలే చెప్తున్నాయి. పెట్టకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయండి. దిబ్బలు తవ్వేవాళ్ళ నుంచి వాటా రావాలని పంచాయతీలో తీర్మానం పెట్టించండి.

దానం ఇచ్చినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకుందాం. బాకీ ఉన్నవాళ్ళను మాత్రం లెక్క అడుగుదాం.