మడ మొక్కల లెక్క

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద దాదాపు 18 కిలోమీటర్లు వెళ్తే కోరింగ అభయారణ్యం వస్తుంది. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సెలవులకి ఊరొచ్చిన మన సాఫ్టువేరు జనం అక్కడి చెక్క వంతెన మీద నాలుగు ఫోటోలు దిగి, కాజాలు కొనుక్కుని వెళ్తుంటారు. తప్పేం లేదు, నేనూ దిగాను. నా గొడవల్లా ఇంకో రకం ఫోటోల గురించి. కంపెనీ టీషర్టులేసుకుని బురదలో నిలబడి "ఇన్ని వేల మడ మొక్కలు నాటాం" అని పెట్టుకుంటామే, వాటి గురించి.

నాటిన మొక్కల సంఖ్యకీ, పెరిగిన అడవికీ పెద్దగా సంబంధం లేదంటాను నేను. ఎందుకో చెప్తాను.

ఆ వంతెన మీంచి కిందకి చూస్తే బురదలోంచి పెన్సిళ్ళలా వేల వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వేళ్ళని బయటికి పంపి ఊపిరి తీసుకుంటుంది. పోటుకి నీళ్ళు రావాలి, ఆటుకి పోవాలి. మధ్యలో ఎవరైనా రొయ్యల చెరువు గట్టో, రోడ్డో వేసి ఆ దారి మూసేశారనుకోండి, లోపల నీళ్ళు నిలిచిపోతాయి. ఎండలకి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఇక అక్కడ ఉన్న చెట్లే చస్తాయి, కొత్త మొక్కలెలా బతుకుతాయి? బగ్ ఎక్కడుందో చూడకుండా సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తూ కూర్చోవడం లాంటిదే ఇదీ.

దీనికి మందు మన దగ్గరే ఉంది. 1990ల చివర్నుంచి స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీ శాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి గోదావరి, కృష్ణ మడ అడవుల్లో ఒక పద్ధతి పాటించారు. పాడైన చోట మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ చేప ముల్లులా చిన్న కాలవలు తవ్వడం. పోటు నీళ్ళు లోపలికొచ్చి ఉప్పుని కడిగేస్తాయి. మొక్కలు నాటడం ఆ తర్వాతి పని. కాలవ తవ్విన ఫోటోకి లైకులు రావు, అదీ చిక్కు.

ఇంకో వైపు నది ఉంది. గోదావరి తెచ్చే ఒండ్రు మీదే ఈ నేలంతా ఏర్పడింది. ఎగువన ఆనకట్టలు ఆ ఒండ్రుని పట్టేస్తుంటే ఇక్కడ కొన్నిచోట్ల తీరం కోసుకుపోతోంది. ఆనకట్టలు వద్దని అనను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కదా గోదావరి జిల్లాలు అన్నపూర్ణ అయ్యింది! కానీ ఎండాకాలంలో సముద్రం దాకా కాస్త మంచినీళ్ళు వదలడం కూడా నీటి లెక్కల్లో ఉండాలి. సముద్రంలోకి పోయిన నీళ్ళన్నీ వృథా అనే మాట ఆ కాలవల్లో పీతలు పట్టుకుని బతికేవాళ్ళ ముందు చెల్లదు.

ఇక ఉన్న అడవిని కాపాడుకోవడం. 2020లో కాకినాడలోనే దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లు కొట్టి మట్టి పోస్తున్నారని గొడవై, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవాళ్ళకి ఇల్లు కావాలి, నిజమే. కానీ ఉప్పెనొస్తే ముందు మునిగేదీ ఆ ఇళ్ళే. కోరింగకి ఇది కొత్త కాదు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారంటే దాని పేరెంత దూరం పోయిందో చూడండి. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెనలొచ్చి ఆ రేవుని దెబ్బతీశాయి. మడ చెట్లు ఎంత పెద్ద ఉప్పెననైనా ఆపేస్తాయని నేననను, కానీ అలల జోరు తగ్గిస్తాయి. అది చాలదూ?

కాబట్టి ఈసారి మీ ఆఫీసులో మడ మొక్కలకి చందా అడిగితే ఇవ్వండి, కానీ మూడు ప్రశ్నలడిగి మరీ ఇవ్వండి. అక్కడ ఇంతకుముందు అడవి ఉండేదా? ఉంటే ఎందుకు పోయింది? మూడేళ్ళ తర్వాత ఎన్ని బతికాయో లెక్క ఎవరు చెప్తారు? మొదటి ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే చెట్లు లేని బురద మేటలన్నీ ఖాళీ స్థలాలు కావు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిట్టలకి తిండి దొరికేది వాటి మీదే.

జవాబు చెప్పగలిగిన వాళ్ళకి రెట్టింపు ఇవ్వండి. చెప్పలేకపోతే ఆ డబ్బు ఒక కాలవ తవ్వడానికి ఇప్పించండి.