తాళంచెవి ఎవరి దగ్గరుంది?



బొగ్గు అక్కరలేదు, నూనె అక్కరలేదు, తనంతట తానే తిరిగే యంత్రం కనిపెట్టానంటూ ఎవరైనా మీ ఊరికి వస్తే మీరేం చేస్తారు? "తిరుగుతున్నది గదా, కళ్ళారా చూశాం" అంటారేమో! చూడటం వేరు, పరీక్షించటం వేరు. అమెరికాలో రెండువందల ఏళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను, వినండి.

1812లో ఫిలడెల్ఫియా నగరంలో చార్లెస్ రెడ్‌హెఫర్ అనే ఆయన సరిగ్గా అటువంటి యంత్రాన్నే ప్రదర్శనకు పెట్టాడు. జనం డబ్బిచ్చి మరీ చూశారు. ప్రభుత్వం సొమ్మిస్తే ఇంకా పెద్ద యంత్రం కడతానన్నాడు. అది ప్రజల సొమ్ము గదా! అందుకని పరీక్షకులను నియమించారు. 1813 జనవరిలో వాళ్ళు వెళ్ళేసరికి గదికి తాళం వేసి ఉన్నది. తాళంచెవి కనబడటం లేదట! కమ్మీల కిటికీలోంచి చూసి పొమ్మన్నారు.

పరీక్షకుల్లో నేథన్ సెల్లర్స్ అనే ఆయన తన కొడుకు కోల్మన్‌ను వెంట తీసుకుపోయాడు. ఆ కొడుకు కిటికీలోంచే ఒక చిత్రం కనిపెట్టాడు. యంత్రం తన పళ్ళచక్రంతో పక్కనున్న మరో పళ్ళచక్రాన్ని తిప్పుతున్నదని రెడ్‌హెఫర్ మాట. ఒక పన్ను మరొక పన్నును నెడితే, ఒత్తిడి పడిన వైపే అరుగుతుంది. (మీ ఇంట్లో పాత సైకిలుంటే దాని పళ్ళచక్రం చూడండి. పళ్ళు రెండువైపులా ఒకేలా అరగవు.) ఇక్కడ అరుగుదల రెండోవైపున ఉన్నది! అంటే యంత్రం పక్క చక్రాన్ని తిప్పటం లేదు, పక్క చక్రమే యంత్రాన్ని తిప్పుతున్నది.

అయితే ఆ చక్రాన్ని తిప్పేదెవరు? ఐజయా లూకెన్స్ అనే గడియారాల పనివాడు చూడటానికి అచ్చు అలాగే ఉండే చిన్న యంత్రం చేసి, లోపల తాళమిచ్చే స్ప్రింగు దాచి, అందరినీ నోరు వెళ్ళబెట్టేలా చేశాడు. నా మట్టుకు నాకు ఈ కథలో అందరికన్న ఆయనే నచ్చాడు.

రెడ్‌హెఫర్ అక్కడినుంచి న్యూయార్కు చేరాడు. అక్కడ ఆవిరిపడవల రాబర్ట్ ఫుల్టన్ యంత్రం చూడటానికి వచ్చాడు. ఆయన ముందు కళ్ళతో కాదు, చెవులతో చూశాడు. చక్రం చప్పుడు ఒకసారి జోరుగా, ఒకసారి మందంగా వస్తున్నది. చేత్తో పిడి తిప్పితేనే అలా వస్తుంది. "పొరపాటైతే నష్టం నేనిచ్చుకుంటాను" అని, యంత్రానికీ గోడకూ మధ్యనున్న సన్నపు చెక్కలను ఊడగొట్టించాడు. లోపల జంతువుల పేగులతో చేసిన తాడు! దాన్ని పట్టుకుని పోగా, వెనక గదిలో గడ్డపు ముసలాయన ఒకడు రొట్టెముక్క కొరుకుతూ పిడి తిప్పుతున్నాడు.

ఇదంతా పాతకాలపు మాట అనుకోకండి. ఆండ్రియా రోసీ అనే ఇటలీ దేశస్థుడు ఈ-క్యాట్ అనే పరికరం తెచ్చి, తాను ఇచ్చిన కరెంటుకన్న ఎన్నోరెట్లు వేడి అందులోంచి వస్తున్నదన్నాడు. 2014లో స్విట్జర్లాండులోని లుగానోలో కొందరు ప్రొఫెసర్లు దాన్ని 32 రోజులు నడిపి, నిజమేనన్నట్లు నివేదిక రాశారు. 32 రోజులంటే గొప్పగానే ఉన్నది. కాని వేడిని కొలిచిన తీరు చూడండి. ఇన్ని నీళ్ళు ఇన్ని డిగ్రీలు కాగాయని కొలవలేదు. పరికరం పైభాగాన్ని ప్రత్యేకమైన కెమెరాతో చూసి లెక్క కట్టారు. పొడి వేయని ఉత్త పరికరాన్ని పోలిక కోసం నడిపింది సుమారు 450 డిగ్రీల దాకానే. అసలు పరీక్షలో చెప్పిన వేడి 1,200 డిగ్రీలు దాటింది. అంత వేడి దగ్గర ఆ కెమెరా లెక్క సరిపోతుందో లేదో తేల్చుకునే పోలిక వాళ్ళు పెట్టుకోనేలేదు.

మరి పరికరంలోకి పొడి వేసినప్పుడూ, ఆఖరున బయటికి తీసినప్పుడూ అందులో చేయిపెట్టింది ఎవరు? పరీక్షకులు తమ నివేదికలోనే రాసుకున్నారు: రోసీ!