వెనక బండి కనబడాలి

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులు నడిపేవాళ్లం కూర్చొని రాసుకున్న ప్రణాళిక ఇది. ఎందుకు రాయాల్సి వచ్చిందో మా వాళ్లందరికీ తెలుసు. థార్ ఎడారికి పోయే కాన్వాయ్ జాబితాలోంచి మా బండ్లను కొట్టేశారు. మమ్మల్ని మాత్రం సామాన్ల బండిలో రమ్మన్నారు, గుడారాలు పాతడానికి, వంట చేయడానికి.

అలా అన్నవాళ్లు ఎక్కడివాళ్లో కాదు. వానాకాలం ఆదివారాలు మా చెలకల్లో బండ్లు తిప్పి నేర్చుకున్నవాళ్లే. నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడితే ట్రాక్టర్ తెచ్చి, మోకు కట్టి లాగింది మేము. లాగడానికి ముందు మోకాళ్ల మీద కూర్చొని చక్రాల కింది బురద చేతులతో తోడింది మేము. చీకటిపడితే బాయికాడ కాళ్లు కడుక్కోమని చెప్పి అన్నం పెట్టింది మా ఆడవాళ్లు. జాబితా రాసేనాటికి మా బండి పాతదైంది, దానికి స్నార్కెల్ లేదు, వించ్ లేదు. ఫొటోల్లో బాగుండదని కూడా అన్నారు. ఆ మాట మేము మరిచిపోలేదు, మరిచిపోము.

బండి పాతదన్నారు కాబట్టి చెబుతున్నాం, ఈ దేశంలో జీపు కథ 1947లో మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైంది. 1971లో లోంగేవాలాను కాచిన మన సైనికుల చేతిలో జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్ ఉంది. మీదికొచ్చిన ట్యాంకులు మెత్తటి ఇసుకలో దిగబడ్డాయి. ఇసుక చూసేది బండి బరువు, టైరులో గాలి, డ్రైవరు కాలు. 32 పీఎస్ఐ ఉన్న గాలిని 18కి దించి, లో గేరులో, బ్రేకు ముట్టకుండా దిబ్బ దిగడం వచ్చినవాడి చేతిలో పాత మహీంద్రా 540 జీపు కూడా గట్టెక్కుతుంది. రానివాడి చేతిలో 2020లో వచ్చిన కొత్త థార్ బండి అయినా పొట్ట ఆనించి కూర్చుంటుంది. అందుకే బండిని చూసి జాబితా రాయడాన్ని మేము ఒప్పుకోం. నడిపేవాణ్ణి మా రేగడిలో పరీక్షించండి, తర్వాత రాయండి.

ఇక మేము వదలని డిమాండు ఒకటుంది. కాన్వాయ్‌లో ప్రతి డ్రైవరూ తన వెనక బండికి జవాబుదారీ. అద్దంలో వెనక బండి కనబడకపోతే ఆగాలి. కనబడేదాకా కదలొద్దు.

దీన్ని చాదస్తమన్నారు. ఆగితే ఊపు పోతుందన్నారు. దిబ్బ ఎక్కడానికి ఊపు కావాలని మాకూ తెలుసు. ఎక్కి, అవతలికి దిగి, గట్టినేల చూసుకొని ఆగమంటున్నాం. దిబ్బ నెత్తిన ఒకేసారి రెండు బండ్లు ఉండొద్దని అందరూ ఒప్పుకుంటారు కదా, ముందువాడు ఆగి చూడకపోతే అదెలా కుదురుతుంది? రామ్‌గఢ్ దాటి పడమటికి పోయాక ఫోనును నమ్ముకోలేం. దిబ్బ అడ్డొస్తే వాకీటాకీ మాట తెగుతుంది. గాలి లేచిందంటే టైరు జాడ కాసేపట్లో పూడిపోతుంది. బాట రెండుగా చీలిన చోట ఎటు పోవాలో వెనకవాడికి ఎవరు చెప్పాలి? ముందు బండి అక్కడ నిలబడి ఉండాలి, అంతే. చివరివాడు ఆగితే వాడి ముందువాడు ఆగుతాడు, ఆ ముందువాడూ ఆగుతాడు, అలా కబురు లీడరు దాకా దానంతటదే చేరుతుంది. ఇప్పుడు చేస్తున్నదేమిటి? వెనక స్వీప్ బండి ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. ఆ స్వీప్ బండే దిగబడితే? నీళ్ల క్యాన్లు అప్పటికే రెండు దిబ్బలు దాటిపోయిన బండిలో ఉంటే?

మేము కోరే కాన్వాయ్ ఎలా ఉంటుందో చెబుతున్నాం, వినండి. అది చేవెళ్ల మర్రిచెట్ల కింద బయల్దేరుతుంది. టమాట పండించే రైతు జీపు, మెకానిక్ జీపు, గచ్చిబౌలి ఇంజినీరు జీపు 1,600 కిలోమీటర్లకు పైగా ఒకరి అద్దంలో ఒకరు కనబడుతూ జైసల్మేర్ చేరతాయి. రాత్రి మంట దగ్గర వడ్డించేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు ఉండరు. ఎవరి గుడారం వాళ్లే పాతుకుంటారు. పార పట్టని చెయ్యి స్టీరింగ్ పట్టదు! ఎవణ్ణీ వెనక వదలం! అటువంటి కాన్వాయ్ ఒక్కటి పోయి వస్తే చాలు, జీపు డబ్బున్నవాళ్ల ఆటవస్తువన్న మాట ఈ తెలంగాణలో మళ్లీ వినబడదు.

నేల సంగతిలోనూ మాకు పట్టింపు ఉంది. జైసల్మేర్ దగ్గరి డెజర్ట్ నేషనల్ పార్కు గడ్డిలో చక్రం పెట్టం. అక్కడ బట్టమేకపిట్ట గుడ్డు పెట్టేది నేల మీదే. దానికోసమే అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టుకొని కూడా ఆ పిట్టను నిలుపుకోలేకపోయాం. మన దగ్గర మూసీ, ఈసీ వాగుల్లో, వాటిలో కలిసే ఒర్రెల్లో బండి దించం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ల కోసం 1996 నుంచి 84 గ్రామాలు కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో కింద బతికాయి. ఆ నీళ్లలో డీజిల్ కలిపే ఆట మాకొద్దు.

ఈ చలికాలం మేము బయల్దేరుతున్నాం. మాతో రాదలచినవాళ్లు బండి కాగితాలు, పార, మోకు, మీ నీళ్లు మీరు తెచ్చుకోండి. బండి ఏ కంపెనీదని, ఏ ఏడాదిదని ఇక్కడ ఎవరూ అడగరు. మమ్మల్ని సామాన్ల బండెక్కమన్నవాళ్లూ రావచ్చు. అయితే గుడారం మీరే పాతుకోవాలి.