మరచిపోయిందెవరు?

కూరెకుప్ప నుంచి బళ్ళారి వైపు వెళ్తుంటే వెనక తోరణగల్లు ఉక్కు కర్మాగారం పొగ, ముందు కుడితిని థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. ఆ కుడితిని దగ్గర గుట్టల నడుమ, ఈ గొట్టాలకు నాలుగు వేల ఏళ్ళ ముందటి బూడిద దిబ్బ ఒకటి ఉంది. పాత రాతల్లో ఆ చోటి పేరు బూదికనమ. బూది తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. కనమ మన కనుమే.

భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన బూడిద ఇదని ఇక్కడివాళ్ళు చెప్పుకునేవారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలి చితి అంటారు. ఇలాంటి కథ వినగానే చదువుకున్నవాళ్ళకు నవ్వొస్తుంది. పల్లె చెప్పేది పుక్కిటి పురాణం, దొర అచ్చేసింది చరిత్ర అన్న తీర్పు మన బళ్ళలోనూ సభల్లోనూ పాతుకుపోయింది. అది తప్పుడు తీర్పు. ఈ దిబ్బలే అందుకు సాక్ష్యం.

దొరలు ఏం రాశారో చూడండి. 1843లో కంపెనీ సైనికాధికారి న్యూబోల్డ్ ఈ దిబ్బల గురించి వ్యాసం రాశాడు. వీటి గురించి చాలామంది చాలా ఊహించారు. అగ్నిపర్వతపు బూడిద అన్నారు, కొలిమి చిట్టెం అన్నారు. 1899లో ఆంగ్ల అధికారి రాబర్ట్ సూయెల్, ఇవి విజయనగర కాలంలో సతీసహగమనాలకు పేర్చిన చితుల శేషాలు కావచ్చన్నాడు. ఆయనకు చితులే ఎందుకు తోచాయి? సతిని 1829లో నిషేధించామన్నది కంపెనీ పాలన తన గురించి తాను గర్వంగా చెప్పుకున్న కథ. పైగా విజయనగరంలో సహగమనాల గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతలు సూయెల్ బల్ల మీద ఉన్నాయి. చేతిలో ఉన్న కథనే ఆయన దిబ్బలో చూశాడని నా నమ్మకం. రాక్షసుడి కథ తెలిసిన పల్లె రాక్షసుణ్ణి చూసింది, సతి కథ తెలిసిన అధికారి సతిని చూశాడు. ఇద్దరూ చేసింది ఒకే పని. ఒకరిది మూఢనమ్మకం, మరొకరిది పరిశోధన ఎలా అయ్యాయి?

ఆ మరుసటి ఏడే, 1900లో, సూయెల్ విజయనగర చరిత్ర అచ్చేశాడు. నూనిజ్, మరో పోర్చుగీసు యాత్రికుడు పేస్‌ల రాతలను ఇంగ్లీషులోకి తెచ్చిన ఆ పుస్తకం చేసిన మేలు చిన్నది కాదు. కానీ దానికి పెట్టిన పేరు 'మరచిపోయిన సామ్రాజ్యం'. ఎవరు మరచిపోయారు? హంపి విరూపాక్షుడి గుడిలో పూజ సాగుతూనే ఉంది. రాయలవారి కథలు తెలుగువాళ్ళ నోట, కన్నడిగుల నోట ఆడుతూనే ఉన్నాయి. మరచిపోయినవాళ్ళు, లేదా ఎన్నడూ తెలియనివాళ్ళు, లండన్ పాఠకులు. వాళ్ళ మరుపును మన మరుపని నమ్మి, నూరేళ్ళకు పైగా ఆ పేరే చెప్పుకుంటున్నాం.

మళ్ళీ దిబ్బలకు వద్దాం. వాటి గుట్టు విప్పింది పేడ. ఇవి కొత్తరాతి యుగపు పశువుల దొడ్లలో కాలిన పేడకుప్పలని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. ఆయన సేకరించిన పాత వస్తువుల మీది పుస్తకం 1916లో వచ్చినా ఆ మాట వెంటనే నిలబడలేదు. 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వితే, బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు, దొడ్డి కంచెకు పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. ఆ పేడను ఎందుకు తగలబెట్టారన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆయన మన పండుగ మంటల వైపు, సంక్రాంతికి పశువులను నిప్పు దాటించే ఆచారం వైపు చూశాడు. నాగరికులు మొరటు ఆచారమని తీసిపారేసినదే పండితుడికి దారి చూపింది. ఎందుకు కాల్చారన్నదానిపై వాదం ఇంకా నడుస్తోంది. కాలింది పేడ అన్నది మాత్రం ఖాయం.

హిడింబాసురుడు నిజమని నేననడం లేదు. పురాణాన్ని సైన్సు రుజువు చేసిందని ఫోన్లలో పంపుకునేవాళ్ళదీ ఇదే జబ్బు. వాళ్ళకూ కథ మీద ముద్ర ఎవరిదన్నదే కావాలి. నేననేది ఇంతే. ఇది బూడిద అనీ, ఎవరో కాల్చినదనీ, రాయల కాలం కంటే ఎంతో పాతదనీ పల్లె చెప్పింది. ఆ మూడూ నిజమే. అగ్నిపర్వతం అన్నవాళ్ళు రెండోదాంట్లో, సూయెల్ మూడోదాంట్లో తప్పారు.

ఈ దిబ్బలు చాలాచోట్ల పొలాలకు ఎరువుగా, రోడ్ల కింద మట్టిగా తరిగిపోయాయి. కథలు తెలిసిన ముసలివాళ్ళూ తగ్గిపోతున్నారు. కూరెకుప్ప, కుడితిని, సండూరు బళ్ళలో చెప్పే టీచర్లకు నాదొక మనవి. పిల్లలను ఆ ముసలివాళ్ళ దగ్గరికి పంపండి. విన్నది విన్నట్టు తెలుగులోనో కన్నడంలోనో రాయించండి. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది ప్రతి కథ కిందా రాయించండి. అచ్చయిన పాఠం కిందా అదే రాయించండి.