బొమ్మ కార్డుల మోజు... మూడున్నర రూపాయల వడ్డీ!

ఇంటి జమాఖర్చు

ఈ వారం ఉత్తరం చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలో సారాంశం ఇదీ.

పెద్దబ్బాయికి 24 ఏళ్ళు. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 22 వేలు. సిగరెట్టు, మందు ఏవీ లేవు. ఉన్న ఒకే ఒక పిచ్చి పోకెమాన్ కార్డులు. బడిలో ఉన్నప్పటి నుంచీ పోగు చేస్తున్నాడు. అలమారలో దుప్పట్ల కింద నాలుగు లావుపాటి ఆల్బములు ఉన్నాయట. ఉద్యోగం వచ్చాక క్రెడిట్ కార్డు వచ్చింది. క్రెడిట్ కార్డు వచ్చాక ఈ కార్డులు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. కిందటి నెల బ్యాంకు తరఫున ఎవరో ఈవిడకే ఫోను చేసి "మీవాడు కట్టలేదు" అన్నప్పుడు గానీ సంగతి బయటపడలేదు. కూర్చోబెట్టి అడిగితే లెక్క తేలింది. క్రెడిట్ కార్డు మీద 62 వేలు, ఫోనులో "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" ఖాతాలో 14 వేలు, స్నేహితుడి దగ్గర చేబదులు 10 వేలు. మొత్తం 86 వేలు.

"నా రెండు సవర్ల గొలుసు తాకట్టు పెట్టేస్తే పీడ పోతుందా? లేకపోతే సంఘంలో లోను తీసుకోనా? వాళ్ళ నాయనకు తెలిస్తే కార్డులన్నీ పొయ్యిలో పెడతాడు. వాడేమో అమ్మా, ఇవి లక్షలు చేస్తాయి అంటాడు. చిన్నోడు కూడా నేర్చుకున్నాడు. ఏం చేసేదక్కా?"

చెల్లెమ్మా, ముందు పొయ్యి సంగతి. కాల్చొద్దు. కాలిస్తే మీకు మిగిలేది బూడిద, వాడికి మిగిలేది కోపం, 86 వేలు మాత్రం అట్లే ఉంటుంది. పైగా అందులో అమ్ముకోదగినవి కొన్ని ఉండొచ్చు. అవి వాడి అప్పుకు పనికొస్తాయి.

పోగు చేసుకోవడం కొత్త జబ్బేమీ కాదు. మా కాలంలో పిలకాయలు అగ్గిపెట్టె బొమ్మలు, సిగరెట్టు పెట్టెల అట్టలు ఏరుకునేవాళ్ళు, ఒకరితో ఒకరు మార్చుకునేవాళ్ళు. తర్వాత బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు, కుస్తీవాళ్ళ ట్రంప్ కార్డులు వచ్చాయి. అసలు ఈ బొమ్మ కార్డుల పుట్టుకే సిగరెట్టు పెట్టెలో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్లు నలిగిపోకుండా పెట్టెలో పెట్టే అట్టముక్క మీద బొమ్మ వేసి అమ్మకం పెంచుకున్నారు. పోకెమాన్ కార్డులు 1996లో జపానులో మొదలయ్యాయి. మీవాడికి ఆ బొమ్మలంటే ప్రాణమైతే అందులో తప్పు లేదు. మనలో చీరలకు, స్టీలు సామాన్లకు అలమారలు చాలనివాళ్ళు ఎంతమంది లేరు!

తేడా ఎక్కడుందంటే, చీర మడత విప్పి, అంచు చూసి కొంటాం. ఈ కార్డుల పొట్లం మూసి ఉంటుంది. లోపల పది కార్డులున్నాయని తెలుసు గానీ ఏవున్నాయో తెలియదు. కావలసిన బొమ్మ రాకపోతే ఇంకొక పొట్లం. అదీ కాకపోతే ఏకంగా డబ్బానే. పక్కనున్న తమిళనాడు 2003లో లాటరీ టిక్కెట్లు నిషేధించకముందు వేలూరు వెళ్ళినవాళ్ళు జేబులో టిక్కెట్టు లేకుండా తిరిగొచ్చేవాళ్ళు కాదు. ఇది లాటరీ అని నేననను, ఎందుకంటే చేతికి ఏదో ఒక బొమ్మ వస్తుంది. కానీ "ఈసారి తగులుతుందేమో" అనే ఆశ మాత్రం అదే. ఆ ఆశకు అరువు తోడైతేనే చిక్కు.

ఇప్పుడు "లక్షలు చేస్తాయి" అన్న మాట. ఇందులో అబద్ధం లేదు, అలాగని మీవాడికి పనికొచ్చే నిజమూ లేదు. 2022 ఆగస్టులో అమెరికాలో మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో దాదాపు వంద కోట్లు. ఆ కార్డు 1952 నాటిది. అంత రేటు ఎందుకు పలికిందో తెలుసా? ఆ ఏడాది అమ్ముడుపోని కార్డుల పెట్టెల్ని 1960లో పడవలో తీసుకెళ్ళి సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగే తర్వాత చెప్పుకున్నాడు. పిల్లలు కొన్నవాటిని అమ్మలు ఇల్లు సర్దుతూ చెత్తలో వేశారు. అంటే మనలాంటి తల్లులే ఆ కార్డుకు విలువ తెచ్చిపెట్టారన్నమాట!

ఈ కథలు విన్న తర్వాత 1980లు, 90లలో అక్కడ ఇంటింటా జనం కార్డులు కొని, కవర్లలో పెట్టి దాచారు. పిల్లాడి కాలేజీ చదువుకు పనికొస్తాయని దాచిన తండ్రులున్నారు. కంపెనీలు కూడా ఆగకుండా అచ్చు వేశాయి. ఆ కాలపు కార్డుల్లో చాలా భాగం ఈరోజు చిత్తు కాగితం ధరకు కూడా అడిగేవాళ్ళు లేరు. అందరూ దాచిపెట్టిన వస్తువు అరుదైనది ఎట్లా అవుతుంది? ఇక పోకెమాన్ సంగతి. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు ఒక్క ఏడాదిలో దాదాపు 1,190 కోట్ల కార్డులు అచ్చయ్యాయని ఆ కంపెనీ లెక్కే చెబుతోంది. భూమ్మీద ఉన్న ప్రతి మనిషికీ ఒకటి ఇచ్చినా ఇంకా మిగులుతాయి. అందులో చాలా తక్కువ వాటికే మంచి ధర.

కాబట్టి మీవాణ్ణి ఒక పని చెయ్యమనండి. ఆల్బము ముందు పెట్టుకొని, ప్రతి మంచి కార్డు పక్కనా రెండు అంకెలు రాయాలి. ఒకటి, అమ్మేవాళ్ళు ఇంటర్నెట్‌లో అడుగుతున్న ధర. రెండోది, అలాంటి కార్డు మన దేశంలో నిజంగా అమ్ముడుపోయిన ధర. మన బంగారానికైతే ఏ ఊళ్ళోనైనా గంటలో దుడ్లు చేతికొస్తాయి. ఈ కార్డుకు కావలసినవాడు దొరకాలి, మూలలు నలగకుండా ఉండాలి, నకిలీ కాదని వాడు నమ్మాలి. తిరుపతిలో, చిత్తూరులో అలాంటివాణ్ణి వెతకడం కష్టం. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో జరిగే కామిక్ కాన్ లాంటి చోట్ల, లేదా కార్డులు పోగు చేసేవాళ్ళలోనే దొరుకుతాడు. రెండో అంకె రాయడం మొదలుపెడితే లక్షలు వేలల్లోకి దిగుతాయి. మీరు చెప్పక్కర్లేదు, వాడికే తెలుస్తుంది.

అప్పు అంకె మాత్రం ఎవరు కొన్నా, కొనకపోయినా దిగదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. మన పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే సరేనంటాం, మూడంటే నోరు నొక్కుకుంటాం. క్రెడిట్ కార్డు కాగితం మీద "నెలకు 3.5 శాతం" అని సన్నక్షరాల్లో ఉంటే మాత్రం ఎవరికీ ఏమీ అనిపించదు! అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, చెల్లెమ్మా. కార్డును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ.

62 వేల మీద నెల వడ్డీ 2,170 రూపాయలు, జీఎస్టీ 390. అంటే 2,560. బిల్లులో "కనీసం కట్టవలసింది" అని ఒక అంకె వేస్తారు. అది నూటికి ఐదు చొప్పున అనుకుంటే 3,100. మీవాడు అది కట్టి, ఈ నెల గడిచిందని ఊపిరి పీల్చుకుంటాడు. అసలులో తగ్గింది ఎంత? 540 రూపాయలు! ఇంకొకటి, బాకీ పూర్తిగా కట్టనప్పుడు కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. మామూలుగా ఇచ్చే వడ్డీ లేని గడువు ఉండదు.

అదే నెలకు 8 వేలు కడితే, కొత్తగా ఏమీ కొనకుండా ఉంటే, పదో నెలలో బాకీ తీరిపోతుంది. వడ్డీ, పన్ను కలిపి సుమారు 14,300 పోతుంది. ఇప్పుడు మీ గొలుసు దగ్గరికి వద్దాం. బ్యాంకులో బంగారం మీద నూటికి రూపాయి వడ్డీకి తీసుకొని క్రెడిట్ కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేసి, అదే 8 వేలు బంగారం లోనుకు కట్టారనుకోండి. తొమ్మిదో నెలలో కొసరు కట్టడంతో అయిపోతుంది. వడ్డీ మూడు వేలు కూడా దాటదు. లెక్క ప్రకారం గొలుసే లాభం, పదకొండు వేలకు పైగా మిగులుతుంది. బంగారం తాకట్టు అనగానే తలవంపులు అనుకోవద్దు.

అయితే నేను ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. గొలుసు బ్యాంకుకు పోతుంది, క్రెడిట్ కార్డు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన కార్డు రెండు నెలల్లో మళ్ళీ నిండుతుంది. అప్పుడు అప్పులు రెండు, గొలుసు ఒకటి. అందుకని గొలుసు తీసేముందు మూడు సంగతులు జరగాలి. బాకీ కట్టిన రోజే మీ ఎదుట క్రెడిట్ కార్డు మూయించాలి, ఫోనులో ఆ కొనుగోలు యాపుల్లో దాచిన కార్డు నంబర్లు తీసెయ్యాలి. లోను మీ పేరున, రసీదు మీ దగ్గర. నెల నెలా కంతు వాడి జీతం పడిన మర్నాడే మీ ఖాతాకు రావాలి. ఇందులో దేనికైనా వాడు నసిగితే గొలుసు మెడలోనే ఉండనివ్వండి. క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకునే అడిగి బాకీని నెల కంతులుగా మార్పించుకోమనండి. దాని వడ్డీ బంగారం కంటే ఎక్కువ, మూడున్నర కంటే తక్కువ ఉంటుంది. ఎంతో ముందే రాతలో అడగాలి.

సంఘం లోను మాత్రం వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నా. మీరొక్కరు కంతు తప్పితే పదిమంది ఆడవాళ్ళ పేరు చెడుతుంది, వాళ్ళకు రావలసిన తర్వాతి లోను ఆగుతుంది. మీవాడి బొమ్మలకు పక్కింటి ఆవు లోను ఆగడం న్యాయమా? మామిడి దుడ్లు వస్తాయిలే అని కూడా అనుకోకండి. మీకు తోట ఉందని రాశారు కాబట్టి చెబుతున్నా. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపవలసి వచ్చింది. అలాంటి రాబడి మీద నెల కంతు పెట్టుకోకూడదు.

ఫోనులోని 14 వేలు ముందు తీర్చమనండి. గడువు దాటితే జరిమానా పడుతుంది. జంటలుగా ఉన్న కార్డులు, మనసు లేని కార్డులు అమ్మితే వచ్చినంత దానికే. ఒకవేళ ఇది తీర్చడానికి ఇంకొక లోను యాపు దించుకున్నాడేమో మెల్లిగా కనుక్కోండి. 2020 చివర్లో హైదరాబాదులో ఆ యాపుల వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటే పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసిన సంగతి మరిచిపోలేం. అప్పు ఇచ్చే యాపు మన ఫోనులోని నంబర్ల జాబితా, ఫోటోలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం. 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో తన కింద ఉన్న సంస్థల యాపుల జాబితా ఉంది. అందులో లేనిదైతే దూరం. బెదిరిస్తే 1930కి ఫోను చెయ్యండి, పోలీసు స్టేషనుకు వెళ్ళండి. పరువుకు భయపడి వాడు ఒంటరిగా మోస్తుంటే అది 86 వేల కంటే పెద్ద సంగతి. అందుకే వాళ్ళ నాయనకు కూడా చెప్పండి, కానీ లెక్కంతా కాగితం మీద రాసుకున్న తర్వాత చెప్పండి. అప్పు మొత్తం, నెలకు కట్టేది, ఎప్పుడు తీరేదీ చూపిస్తే మగవాళ్ళ కోపం సగం దిగుతుంది. స్నేహితుడి 10 వేలకు వడ్డీ లేదు గానీ, మీవాణ్ణే స్వయంగా వెళ్ళి ఫలానా నెలలో ఇస్తానని చెప్పి రమ్మనండి.

బాకీ తీరేదాకా కొత్త పొట్లం వద్దు. తీరిన తర్వాత నెలకు ఐదొందలో వెయ్యో, చేతిలో ఉన్న దుడ్లతో. అదీ మూసిన పొట్లం కాదు, కావలసిన ఒక్క కార్డే చూసి కొనుక్కోమనండి. నచ్చిన బొమ్మ ఒక్కటి కొనడానికి పడే ఖర్చు, దాని కోసం చించే పొట్లాల కంటే చాలాసార్లు తక్కువ.

చిన్నోడి దగ్గర బంగారు రంగు రేకు కార్డులు, డబ్బాకు 55 ఉన్నవి ఉన్నాయన్నారు. అవి నకిలీవి. అసలు కంపెనీ అలాంటి డబ్బాలు అమ్మదు. ఆడుకోనివ్వండి, కానీ అవి దాచుకుంటే విలువ పెరుగుతుందని మాత్రం అనుకోనివ్వకండి. అన్న దగ్గర జంటలు ఉంటే తమ్ముడితో మార్చుకోవచ్చు, దానికి దుడ్లు అక్కర్లేదు.

పోతే, అమ్మే కార్డులు ఆల్బములోంచి తీశాక రబ్బరు బ్యాండు వెయ్యొద్దు, అంచులు కోసుకుపోతాయి. పలచటి ప్లాస్టిక్ కవరులో ఒక్కొక్కటి విడిగా పెట్టి, గట్టి అట్టపెట్టెలో నిలబెట్టండి. చీరల్లో వేసినట్టు కలరా ఉండలు వెయ్యకండి, ఆ వాసనకు కొన్ని ప్లాస్టిక్ కవర్లు మెత్తబడి అతుక్కుంటాయి. వానాకాలంలో గోడ బీరువా అడుగు అర మాత్రం వద్దు.